2,208 రోజులు

పింఛను మొదటిసారి బ్యాంకులో పడిన రోజు ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. నెలకు 2,837 రూపాయలు, జులై నుంచి బకాయితో కలిపి. మా ఆవిడ "పోనీలే, గ్యాసుకూ కరెంటుకూ గడిచిపోతాది" అంది. నాకు మాత్రం మనసొప్పలేదు. ఆదోనిలో పత్తి నుంచి గింజలు వేరుచేసే ఒక జిన్నింగ్ మిల్లులో పన్నెండున్నరేళ్లు టైంకీపరుగా, కర్నూల్లో ఒక ట్రాక్టర్ల షోరూములో మరో పన్నెండున్నరేళ్లు స్టోరు చూసుకుంటూ పనిచేసినవాణ్ని. లెక్కలు రాసీ రాసీ జుట్టు నెరిసినవాడికి మొత్తం చూడగానే ఎక్కడో ఒక వరస జారిందని తెలిసిపోతుంది.

నా పుట్టినరోజు 1965 జులై 1. మా ఈడువాళ్లలో సగంమంది అదే రోజు పుట్టారు, బడిలో చేర్చేటప్పుడు అయ్యవారు రాసిన తేదీ కదా. దాని ప్రకారం 2023 జూన్ నెలాఖరుకు నాకు 58 నిండాయి. షోరూములో దిగిపోయాను. పీఎఫ్ డబ్బు ఏ గొడవా లేకుండా వచ్చింది. పింఛను కోసం ఆగస్టులో ఫారం 10డి పెట్టాను. ఇద్దరం కలిసి దిగిన ఫోటో, ఆధార్, బ్యాంకు పాసుబుక్కు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అక్టోబరులో పింఛను ఉత్తర్వు వచ్చింది.

ఈ పింఛను లెక్క చూడ్డానికి భయపెడుతుంది గానీ తెలిస్తే పెద్ద కష్టమేం కాదు. పింఛనుకు లెక్కేసే జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించాలి. జీతమంటే చివరి 60 నెలల సగటు. దానికి ఒక గీత ఉంది: 2014 సెప్టెంబరు 1కి ముందు చేసిన సర్వీసుకు 6,500 దాకా, ఆ తర్వాత చేసినదానికి 15,000 దాకా మాత్రమే చూస్తారు. నా బేసిక్ 15,000 దాటింది కాబట్టి షోరూము వాళ్లు నా పేరున పింఛను నిధికి నెలనెలా 8.33 శాతం లెక్కన 1,250 రూపాయలు కట్టారు. ఇంకో సంగతి, 58కి దిగేనాటికి ఇరవై ఏళ్ల సర్వీసు ఉంటే దాని మీద మరో రెండేళ్లు కలుపుతారు. నా లెక్కలో నాకు పాతికేళ్లు. ఆ రెండూ కలిస్తే ఇరవై ఏడు. ఎటు తిప్పి వేసినా పింఛను మూడు వేల ఆరు వందలకు తగ్గకూడదు.

ఉత్తర్వులో మాత్రం సర్వీసు పంతొమ్మిదేళ్లని ఉంది.

ఆరేళ్లు ఎక్కడ పోయాయి? పైగా పంతొమ్మిది దగ్గర ఆగడంతో ఆ రెండేళ్లూ పోయాయి. పోతే పోయాయి అనుకోవడానికి అదేమీ చిల్లర కాదు. నెలకు దాదాపు ఎనిమిది వందలు. నేను పోయాక మా ఆవిడకు వచ్చే సగం పింఛను కూడా ఈ లెక్క మీదే నిలబడుతుంది.

పీఎఫ్ ఆఫీసుకు వెళ్లాను. కౌంటర్లో ఉన్న అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. కంప్యూటరులో చూసి, "సార్, మీ మొదటి కంపెనీలో చందా లేని రోజులు 2,208 ఉన్నాయి. అవి సర్వీసులోంచి తీసేస్తాం" అన్నాడు.

"అన్ని రోజులు నేను నాగా పెట్టలేదు బాబూ."

"మీ కంపెనీ పంపిన రికార్డులో అలాగే ఉంది సార్."

ఆ అబ్బాయి చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. కానీ బస్సులో తిరిగొస్తుంటే కోడుమూరు నుంచి ఎమ్మిగనూరు దాకా ఆ 2,208 తప్ప నాకు ఇంకేం కనపడలేదు.

ఇంటికి రాగానే అందరూ చేసే పనే నేనూ చేశాను. మా చెల్లెలి కొడుకును పిలిచి పీఎఫ్ వాళ్ల ఫిర్యాదుల వెబ్‌సైటులో కంప్లయింటు పెట్టించాను. నేను చెప్తుంటే వాడు టైపు కొట్టాడు. అందులో లేనిది లేదు. 1997లో మిల్లులో చేరిన దగ్గర్నుంచి, రాత్రి షిఫ్టులు, 2010లో మిల్లు మూతపడటం, ఎనిమిది నెలలు పని లేకుండా తిరగడం, షోరూములో చేరడం, మా ఆవిడ మోకాళ్ల నొప్పులు. చివర్లో "దయచేసి న్యాయం చేయండి" అని. రెండు వారాలకు జవాబొచ్చింది: రికార్డు ప్రకారమే పింఛను లెక్కకట్టాం. ఫిర్యాదు పరిష్కారమైనట్టు పక్కనే గుర్తు. వాడికి కోపం వచ్చి మళ్లీ పెడదామన్నాడు. నేను ఒకటికి రెండుసార్లు నా ఫిర్యాదు చదువుకున్నాను. నాకు ఏం కావాలో అందులో ఎక్కడా లేదు. ఏడుపు ఉంది గానీ ప్రశ్న లేదు. లేని ప్రశ్నకు వాళ్లు మాత్రం ఏం జవాబిస్తారు?

ఆదోనిలో ఒక పెద్దాయన ఉన్నాడు. ఒకప్పుడు మిల్లు కార్మికుల యూనియన్‌లో తిరిగినవాడు. ఇప్పుడు కళ్లు సరిగా ఆనవు, పేపరు మనవరాలు చదివి వినిపిస్తుంది. ఆయన దగ్గరికి పోతే ముందు ఉగ్గాని, బజ్జీ తెప్పించాడు. తిన్నాకే మాటలు.

"ఫిర్యాదు తర్వాత పెడుదువు. ముందు వాళ్ల దగ్గర ఏముందో అది తెప్పించుకో" అన్నాడు. "సమాచార హక్కు కింద పది రూపాయల పోస్టలార్డరు పెట్టి మూడు కాగితాలు అడుగు. పింఛను ఎట్ల లెక్కగట్టినారో ఆ షీటు. నీ పాత ఖాతా ఇక్కడికి మారినప్పుడు వచ్చిన అనెక్షర్-కె. మిల్లోళ్లు నీ పేరుతో ఏటా పంపిన చందా లెక్కల కార్డులు, ఫారం 3ఎ అంటారు. ఇంతే. 'ఎందుకు', 'న్యాయమా' అని ఒక్క ముక్క రాయొద్దు."

అనెక్షర్-కె మాట నేను అప్పుడే మొదటిసారి విన్నాను. 2011లో షోరూములో చేరగానే ఫారం 13 పెట్టి పాత పీఎఫ్‌ను కొత్త ఖాతాలోకి మార్పించుకున్నాను. డబ్బు వచ్చిందా అని చూసుకున్నాను, వచ్చింది, మర్చిపోయాను. ఆ డబ్బుతో పాటు సర్వీసు వివరాల కాగితం ఒకటి వస్తుందనీ, పింఛను మొత్తం దాని మీదే ఆధారపడి ఉంటుందనీ నాకెవరూ చెప్పలేదు. ఉద్యోగం మారిన ఎవరైనా ఆ కాగితం అప్పుడే చూసుకుంటే, 58 ఏళ్ల వయసులో నాలా బస్సులెక్కి దిగే పని ఉండదు.

ముప్పై రోజుల గడువు ఉంటుంది కదా, ఈలోపు ఇంకో చిన్న గొడవ తేలింది. అదీ పింఛనుదే. మిల్లులో ఉన్నప్పుడు ఒక బీమా కంపెనీ పింఛను పాలసీ తీసుకున్నాను, ఏడాదికి కొద్దిగా కట్టేలా. ఆ పింఛను మూడు నెలలకోసారి వచ్చేది, ఆగిపోయింది. బ్రాంచిలో అడిగితే "బతికున్నట్టు సర్టిఫికెట్ రాలేదు" అన్నారు. నేనిచ్చాను, రసీదు కూడా ఉంది. వాళ్లు వెతుకుతామన్నారు, రెండు నెలలు వెతికారు. ఆ తర్వాత రసీదు నకలు జతచేసి కంపెనీ ఫిర్యాదుల అధికారికి ఒక ఉత్తరం, బీమా నియంత్రణ సంస్థ వాళ్ల బీమా భరోసాలో ఒక ఫిర్యాదు పెట్టాను. అక్కడ కూడా తేలకపోతే హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్ ఉన్నాడు, మన రాష్ట్రమూ తెలంగాణా ఆయన కిందే. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, కంపెనీ కాదన్న ఏడాదిలోపు వెళ్లాలి. నాకంత దూరం పోయే అవసరం రాలేదు. మూడు వారాల్లో డబ్బు పడింది. రసీదు ఉన్న గొడవ అలా ఉంటుంది. రసీదు లేని గొడవే మనిషిని తిప్పుతుంది.

జనవరిలో పీఎఫ్ ఆఫీసు నుంచి కవరు వచ్చింది. మందంగా ఉంది. మధ్యాహ్నం అన్నం తిని, కళ్లద్దాలు తుడుచుకుని, మంచం మీద కాగితాలన్నీ పరిచాను.

మొత్తం పదమూడు ఫారం 3ఎ కార్డుల నకళ్లు. పాత కార్డుల జిరాక్సు కదా, అక్కడక్కడా నల్లగా అలుక్కుపోయి ఉన్నాయి. నెలలు, జీతం, కార్మికుడి వాటా, యజమాని వాటా, పింఛను వాటా. ఆ పక్కన ఒక గడి: చందా లేని రోజులు. మొదటి ఏడాది కార్డులో ఆ గడి ఖాళీ. రెండోదాంట్లో 184. మూడోదాంట్లో 184. నాలుగోదాంట్లో 184. చివరిదాకా అదే. పన్నెండు నూట ఎనభై నాలుగులు. గుణిస్తే 2,208.

మే నుంచి అక్టోబరు దాకా రోజులు లెక్కపెట్టండి, 184 వస్తాయి.

ఆ అంకె ఎవరు రాశారో నాకు వెంటనే తెలిసింది. నా తొమ్మిదికి తోక పొడుగ్గా కిందికి జారి పక్కకు తిరుగుతుంది. నాలుగు పైన మూసుకుపోయి ఉంటుంది. ఒక కార్డులో జీతం అంకె కొట్టేసిన చోట నా పొడి సంతకం కూడా ఉంది. పదమూడు కార్డులూ నా చేతిరాతే.

మా ఆవిడ టీ తెచ్చి పక్కన పెట్టి, "దొరికినాడా దొంగ?" అనడిగింది. నేను జవాబు చెప్పలేదు.

ఆదోని పత్తి ఊరు. దీపావళి దాటగానే యార్డుకు పత్తి రావడం మొదలవుతుంది, మిల్లుల్లో గాలంతా నూగు ఎగురుతుంది. మా మిల్లు నవంబరులో మొదలైతే ఏప్రిల్ దాకా రాత్రీ పగలూ తిరిగేది. మే వచ్చిందంటే గేటుకు తాళం. కాపలావాడు తప్ప ఎవరూ ఉండరు. మేమంతా ఎవరి పాట్లు వాళ్లం పడేవాళ్లం. నేను యార్డులో చీటీలు రాసేవాణ్ని, కొందరు కూలికి పోయేవాళ్లు, కొందరు బెంగళూరు బస్సెక్కేవాళ్లు. మళ్లీ నవంబరులో అదే గేటు, అదే మస్టరు. ఏటా లెక్కలు పంపేటప్పుడు మిల్లు గుమాస్తా నన్ను పిలిచి కార్డులు రాయమనేవాడు. నూట నలభై మందికి నూట నలభై కార్డులు. మొదటిసారి ఆ గడి ఏమిటని అడిగాను. "పని లేని రోజులు అందులో వెయ్యి" అన్నాడు. వేశాను. అందరికీ వేశాను. 184 అబద్ధం కాదు, ఆ రోజుల్లో పని లేదు, జీతం లేదు, చందా లేదు. కానీ పక్కన 'ఇది సీజను ఫ్యాక్టరీ' అని ఒక్క మాట రాయాలని ఆయనకు తెలియదు, నాకూ తెలియదు.

ఆ మాటకు ఎంత విలువుందో పెద్దాయన చెప్పాడు. కార్డులు తీసుకుపోతే మనవరాలితో చదివించుకున్నాడు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లోపల్నుంచి ఒక చిరిగిన పుస్తకం తెప్పించాడు, 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకం.

"తొమ్మిదో పేరా తియ్యి. వివరణ ఉంటాది, చదువు."

ఆ పాప చదివింది. ఆ ఇంగ్లీషును తెలుగులో చెప్పాలంటే ఇంతే: ఏదైనా సంస్థలో సీజనులో మాత్రమే పనిచేసే ఉద్యోగి విషయంలో, ఒక ఏడాదిలో అతను చేసిన పని ఏడాది కంటే తక్కువైనా, దాన్ని పూర్తి ఏడాదిగానే లెక్కించాలి.

ఇంకోసారి చదవమన్నాను.

"మన మిల్లు సీజనుదని వాళ్లెట్ల ఒప్పుకుంటారు?" అనడిగాను.

"కార్మికుల వైద్య బీమా ఉంది చూడు, ఆ ఈఎస్ఐ చట్టంలోనే సీజను ఫ్యాక్టరీ అంటే ఏమేమో పేర్లు రాసి పెట్టినారు. మొదటి పేరే పత్తి జిన్నింగు. శనక్కాయలు వలిచే మిల్లు కూడా ఉండాది. అట్లాంటి వాటికి ఆ చట్టం వర్తించదు. మనకు అప్పట్లో ఈఎస్ఐ కార్డు ఎందుకు లేదనుకున్నావు?" అని నవ్వాడు. "చట్టం పేరు చెప్తే సరిపోదులే. మీ మిల్లు నిజంగా ఆర్నెల్లే నడిచిందని ఒక కాగితం కావాల."

మిల్లు లేదు. ఆ జాగాలో ఇప్పుడు ప్లాట్లు. సేటు పోయి చాలా ఏళ్లైంది. కొడుకు ఎరువుల దుకాణం నడుపుతున్నాడు. ఈ మధ్యలో ఎన్నికలు వచ్చాయి, ఎండలు వచ్చాయి, మా అమ్మాయి కాన్పు వచ్చింది. మే నెలాఖరులో గానీ దుకాణం మెట్లెక్కలేకపోయాను. చిన్న సేటు నన్ను గుర్తుపట్టాడు. చిన్నప్పుడు మిల్లులో దూది కుప్పల మీద దొర్లేవాడు, నేనే కేకలేసి దించేవాణ్ని. కుర్చీ వేసి కూల్ డ్రింక్ తెప్పించాడు. విషయం చెప్పగానే మాత్రం ముఖం మారింది.

"అంకుల్, ఏమన్నా కేసా ఇది? మా నాన్న పేరు మీద ఏమన్నా కట్టమంటారా?"

"కట్టాల్సింది మీ నాన్న అప్పుడే కట్టినాడు నాయనా. ఒక్క నెల కూడా ఆపలేదు. సీజను లేని నెలల్లో జీతమే లేదు, ఇక చందా ఎక్కడిది? నువ్వు రాసియ్యాల్సింది ఒక్కటే ముక్క, మిల్లు సీజనులోనే నడిచేదని."

ఆలోచించుకుని చెప్తానన్నాడు. తప్పు పట్టలేం, సంతకం అంటే వ్యాపారస్తుడికి ఉండే భయం అది. వారం తర్వాత తనే ఫోన్ చేశాడు. ఉత్తరం రాసిచ్చాడు, దాంతోపాటు నేను అడగనిది కూడా ఇచ్చాడు. వాళ్ల నాన్న ఒక ఫైలులో కుట్టి దాచిన పాత కరెంటు బిల్లులు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వేల యూనిట్లు, మే నుంచి అక్టోబరు దాకా కాపలావాడి దీపాలకు కాలిన యూనిట్లు. అన్ని సంవత్సరాలవీ లేవు, ఏడింటివి ఉన్నాయి. ఆ బిల్లులు చూస్తే మా మిల్లు ఏ నెలలో తిరిగిందో ఏ నెలలో పడుకుందో ఇంకెవరూ చెప్పక్కర్లేదు. ఫ్యాక్టరీ లైసెన్సు నకలు కూడా ఒకటి దొరికింది.

పీఎఫ్ వాళ్లు 'నిధి ఆప్కే నికట్' అని నెలకోసారి, 27వ తేదీన, ప్రతి జిల్లాలో శిబిరం పెడతారు. ఆ రోజు సెలవైతే మరుసటి పనిదినం. 2024 జూన్ 27న కర్నూల్లో జరిగినదానికి వెళ్లాను. పొద్దున ఐదున్నర బస్సుకు బయలుదేరాను. ఈసారి ఫిర్యాదు అర పేజీ. పై వరసలో పింఛను నంబరు. కింద మూడు వాక్యాలు. నా సర్వీసులోంచి తీసేసిన 2,208 రోజులు సీజను లేని నెలలవి. పింఛను పథకం 9వ పేరా వివరణ ప్రకారం వాటిని తీయకూడదు. సర్వీసును సరిచేసి పింఛనును మళ్లీ లెక్కకట్టమని కోరుతున్నాను. వెనక వరుసగా కాగితాలు, ఒక్కోదానికి నంబరు.

నా ముందు పదిహేను మంది ఉన్నారు. ఎక్కువగా పేర్ల గొడవలు. ఆధార్‌లో ఒక పేరు, పీఎఫ్‌లో ఒక పేరు. ఒకాయన కంపెనీ మూతపడింది, ఫారం మీద సంతకం పెట్టే దిక్కులేదని దిగులుపడుతున్నాడు. గెజిటెడ్ అధికారి గానీ బ్యాంకు మేనేజరు గానీ పోస్టుమాస్టరు గానీ పెట్టినా చెల్లుతుందని పక్కనున్న ఇంకొకాయన చెప్పాడు. క్యూలో నిలబడితే తెలిసే విషయాలు వేరే ఎక్కడా తెలియవు.

శిబిరంలో కూర్చున్న పీఎఫ్ అధికారి మేడం నా అర పేజీ చదివింది. కార్డులు తిరగేసింది. కరెంటు బిల్లుల దగ్గర ఆగింది.

"ఇవెక్కడివి?"

"మిల్లు యజమాని కొడుకు దాచిపెట్టినాడు మేడం."

"ఈ కార్డులు ఎవరు రాశారు? ఎక్కడా సీజనల్ అని లేదు."

అబద్ధం చెప్పొచ్చు. మిల్లు గుమాస్తా రాశాడంటే ఎవరికి తెలుస్తుంది? "నేనే రాసినాను మేడం. తెలియక రాసినాను" అన్నాను. ఆమె తలెత్తి ఒకసారి చూసింది. నవ్వలేదు గానీ నవ్వు ఆపుకున్నట్టు అనిపించింది. సర్వీసు సరిచేయడానికి ఫైలు పెడతామని నా దరఖాస్తు మీదే రాసి, నకలు మీద అందినట్టు సంతకం, తేదీ, స్టాంపు వేసిచ్చింది. అదే అర పేజీని వెబ్‌సైటులో కూడా పెట్టమంది, నంబరు ఉంటే ఫైలు ఎక్కడుందో తనకూ తెలుస్తుందని.

తర్వాత నాలుగు నెలలు. మధ్యలో ఒక కాగితం అడిగారు, పంపాను. అన్నీ సరిగ్గా ఉన్న పింఛను దరఖాస్తును ఇరవై రోజుల్లో తేల్చాలని పథకంలోనే ఉంది. కారణం లేకుండా ఆలస్యమైతే 12 శాతం వడ్డీ అధికారి జీతంలోంచి పట్టే వీలు కూడా ఉంది. మా చెల్లెలి కొడుకు ఆ నియమం పట్టుకుని ఘాటుగా ఒక మెయిల్ పెడదామన్నాడు. పెద్దాయన వద్దన్నాడు. పీఎఫ్ సభ్యుడు కూడా వినియోగదారుడేనని 1999లోనే సుప్రీంకోర్టు చెప్పింది, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల దాకా ఫీజు కూడా లేదు, అవన్నీ ఎక్కడికీ పోవు, పని జరుగుతున్నప్పుడు కత్తి చూపించకూడదు అన్నాడు. నాకూ అదే సరి అనిపించింది. నెలకోసారి నంబరు చెప్పి ఫోన్ చేసేవాణ్ని, అంతే.

అక్టోబరులో కొత్త ఉత్తర్వు వచ్చింది. సర్వీసు పాతికేళ్లు, కలిపినవి రెండు. పింఛను మూడు వేల ఆరు వందల చిల్లర. పదిహేను నెలల తేడా పన్నెండు వేలకు దగ్గరగా ఒకేసారి పడింది. మా ఆవిడ మోకాళ్లకు స్కానింగ్ తీయించాం, మిగిలినదాంతో ఇంటి ముందు రేకులు వేయించాం.

నా పని అయిపోయింది గానీ ఆ కార్డులు నన్ను వదల్లేదు. ఏటా నూట నలభై కార్డులు. వాటిలో నాది ఒకటి. నాకు షోరూము సర్వీసు తోడుంది కాబట్టి పంతొమ్మిది అన్నారు. మిల్లు తప్ప ఇంకేమీ లేనివాళ్ల సంగతి? నెల పింఛను రావాలంటే కనీసం పదేళ్ల సర్వీసు ఉండాలి. పన్నెండు పదమూడు సీజన్లు చేసినవాళ్లకు నా 184ల పుణ్యమా అని ఆరున్నరేళ్లే తేలతాయి. పదేళ్లు లేవు, పింఛను లేదు, ఫారం 10సి పెట్టుకుని ఉన్నది తీసుకుపోండి అంటారు.

ఒక నోటుబుక్కు కొని పేర్లు రాయడం మొదలుపెట్టాను. మస్టరు రాసిన చెయ్యి కదా, గేటు దగ్గర వాళ్లు నిలబడే వరసలోనే గుర్తొచ్చాయి. ప్రెస్సు దగ్గర పనిచేసినవాళ్లు, జిన్ను మీద నిలబడినవాళ్లు, పత్తి ఏరే ఆడవాళ్లు. ఎనభై పేర్ల దాకా వచ్చాయి. కొందరు పోయారు, కొందరు బెంగళూరులో ఉన్నారు, కొందరు ఎప్పుడో డబ్బు తీసేసుకున్నారు. ఊళ్లోనే ఉండి, డబ్బు తీసుకోకుండా, 58 నిండినవాళ్లు ఇప్పటికి తొమ్మిది మంది దొరికారు.

వాళ్లలో పత్తి ఏరిన ఒకామె ఇంటికి మొన్న ఆదివారం వెళ్లాను. నెట్ సెంటర్లో అడిగితే నీకు పింఛను రాదని చెప్పారట, ఆ మాట పట్టుకుని ఊరుకుంది. పీఎఫ్ చీటీలు మాత్రం పారేయలేదు. ట్రంకు పెట్టె అడుగున, పెళ్లి చీర మడతలో ఉన్నాయి. అప్పటి జీతం లెక్కన ఆమెకు ఐదారు వందలే తేలుతుంది, కానీ 2014 నుంచి కనీస పింఛను వెయ్యి కాబట్టి వెయ్యి వస్తుంది.

"వెయ్యి నిజంగా వస్తాదా అన్నా?"

"వస్తాదమ్మా. 27న కర్నూలుకు పోదాం. బస్సు ఐదున్నరకు."

అప్పట్లో ఆమె కార్డులో ఆ అంకె వేసింది నేనేనని కూడా చెప్పాను. ఆమె దాన్ని పెద్దగా పట్టించుకున్నట్టు లేదు. నేను గడప మీద కూర్చుని దరఖాస్తు రాస్తుంటే పక్కన నిలబడి చూసింది. చదువు రాదు గానీ కూలి చీటీల మీద అంకెలు చూసి చూసి అంకెలు మాత్రం వచ్చు. 1997 అని రాస్తుండగా వంగి చూసి గట్టిగా నవ్వింది.

"తొమ్మిదికి ఆ తోక ఇప్పటికీ అట్లనే ఏస్తాండావే అన్నా!"